నల్లగొండల క్రోషే బాటిల్ సంచి, జాలి సంచి, ఎండ టోపీ: వాడి చూసినంక రాస్తున్న

ముందుగాల తేల్చి చెప్తున్న. బాటిల్ సంచి కళ్లు మూస్కొని తీస్కోండి, జాలి సంచి (వల లెక్క రంధ్రాలుండేది) తీస్కోండి గాని దాంట్ల ఏం పెట్టాల్నో ఏం పెట్టొద్దో తెల్సుకొని వాడండి, టోపీ అయితే అంచుల తీగ పెట్టిస్తేనే తీస్కోండి, కూసునే చాప మాత్రం కారున్నోళ్లకే. ఇగ ఎందుకో కింద రాస్తున్న, జర పెద్దగనే ఉంటది.

ఇవి అల్లేది నల్లగొండల రామగిరి దిక్కు ఉండే ఒక అక్క. ఇంట్లనే అల్లుతది, బయట బోర్డు లేదు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ లేదు, ఒకల్ల నోట ఒకల్లు విని పోవుడే. పేరు రాయొద్దన్నది కాబట్టి రాస్తలేను. ముందు గదిల ఒక చెక్క అల్మార, దాని నిండ దారం ఉండలు, ఒక స్టీలు డబ్బాల సూదులు, గంతే దుకాణం. క్రోషే అంటే కొక్కెం సూదితోటి దారం అల్లే పని, మన ఇండ్లల్ల క్రోషే అంటే టీవీ మీద కప్పే గుడ్డ, గుమ్మం మీద తోరణం, టీపాయ్ మీద గుండ్రటి లేసు అనే తెల్సు, అమ్మలు పెండ్లికి ముందు నేర్చుకొని అత్తగారింటికి తెచ్చుకున్నయి అవ్వే. ఆంధ్రల నర్సాపురం దిక్కు అదే పెద్ద జీవనోపాధి, 19వ శతాబ్దంల వచ్చిన మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అది, 2024ల జీఐ గుర్తింపు (ఇది ఫలాన ఊరి సొంత సరుకు అని సర్కారు ఇచ్చే ముద్ర) గూడ వచ్చింది. అదంతా చూడ సక్కగ ఉంటది, ఇంట్ల పెట్టుకునేది. ఈ అక్క గూడ అట్లనే మొదలుపెట్టిందట గాని ఇప్పుడు అల్లేటియన్నీ బయట తిరిగేటోళ్ల కోసమే: బాటిల్ సంచులు, టిఫిన్ డబ్బా సంచులు, జాలి సంచులు, టోపీలు, చెప్పుల సంచులు, కింద పరుచుకునే చాపలు.

నాకు నచ్చింది ఏంటంటే పోంగనే రంగులు చూపియ్యదు. "చెల్లే, ఎక్కడికి తీస్కపోతవ్, ఏం పెడ్తవ్ దీంట్ల, తడుస్తదా?" అని అడుగుతది. ఈ మూడు మాటలకు జవాబు చెప్తేనే దారం బయటికి తీస్తది. నాకైతే ఈ మూడు ప్రశ్నలల్లనే మొత్తం సంగతి ఉన్నదనిపిస్తది, ఎందుకంటే క్రోషే సామాన్ల మంచి చెడ్డ అల్లినోళ్ల చేతిల సగం ఉంటే మిగిలిన సగం దారంల, కుట్టుల ఉంటది. బయట కొనేటివి చూడండి, అందంగ ఉంటయి, మెత్తగ ఉంటయి, కానీ అది ఎక్కడికి పోతదో ఆలోచించి అల్లింది కాదు.

దారం సంగతి కొంచెం చెప్త, ఇది తెలిస్తే ఎక్కడ కొన్నా మోసపోరు. కాటన్ దారం చెమట పీలుస్తది, ఒంటికి తగిలితే చిరచిర అనదు, వేడి తగిలినా కరగదు. కానీ నీళ్లు తాగుతది, తడిస్తే బరువైతది, ఎండడానికి టైం పడ్తది, తడి మీద బరువు వేలాడదీస్తే సాగుతది. మనం ఊలు అని పిలిచే దాంట్ల ఇప్పుడు ఎక్కువ శాతం అక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ రకం దారం, అది తేలిక, రంగు పోదు, జల్ది ఆరుతది, కానీ వేడికి కరుగుతది. అందుకే అక్రిలిక్ తోటి అల్లిన గుడ్డ పట్టుకొని వేడి గిన్నె దించుడు, మంట కాడ వాడుడు అస్సలు చెయ్యొద్దు. ఇగ మూడోది మాక్రమే (ముడులేసి గోడకు తగిలించేటివి చేసే పని) తాడు లెక్క ఉండే పాలిస్టర్ తాడు, గట్టిగ ఉంటది, నీళ్లు పట్టవు, కానీ అల్లే మనిషి వేళ్లు నొస్తయి, భుజం మీద ఒరుసుకుంటది. ఏది ఏ దారమో అనుమానం వస్తే చిన్న ముక్క కత్తిరించి చిమ్టాతోటి పట్టుకొని మంటకు పెట్టి చూడమన్నది అక్క, కాటన్ అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతది, అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస లెక్క ముద్ద కడ్తది. నేను ఇంట్ల ఉన్న పాత ఉండల మీద చూసిన, నిజమే.

ఇప్పుడు బాటిల్ సంచి. దీని గురించి ఎక్కువ రాస్త ఎందుకంటే అన్నిట్ల ఇదే నాకు బాగ పనికొచ్చింది. మా నల్లగొండ దిక్కు మనుషులకు బయటికి పోతే నీళ్లు ఇంటికెల్లే తీస్కపోయే అలవాటు ఎక్కువ, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినోళ్లను కండ్ల ముందు చూసిన జిల్లా మాది, మర్రిగూడ దిక్కు ఊర్లల్ల ఇంటికొకల్ల కథ ఉంటది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినయి, సంతోషమే, అయినా ఎక్కడ పడితే అక్కడ నీళ్లు తాగాలంటే మా అత్తమ్మకు ఇప్పటికీ భయమే. కాబట్టి పెండ్లికి పోయినా జాతరకు పోయినా లీటరు స్టీలు బాటిల్ ఉండాల్సిందే. ఆ బాటిల్‌ని చేతిల పట్టుకొని నడుసుడు పెద్ద తలనొప్పి, బ్యాగుల పెడితే మూత వదులై అన్నీ తడుస్తయి.

అక్క అల్లేది ఎట్లంటే, అడుగు గుండ్రంగ మొదలుపెడ్తది, మొదటి వరసల 6 కుట్లు, తర్వాత 12, తర్వాత 18, అట్ల వరసకు 6 పెంచుకుంట పోతది. అట్ల 6 పెంచితేనే అడుగు సాపుగ వస్తది, తక్కువ పెంచితే గిన్నె లెక్క లేస్తది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చులు పడ్తది. నా బాటిల్‌కు 36 కుట్ల కాడ ఆపి, పెంచుడు బంద్ చేసి పైకి అల్లింది, 4 మిల్లీమీటర్ల సూది, మందం కాటన్ దారం. అడుగుకు రెండు పోగులు కలిపి అల్లింది ఎందుకంటే బాటిల్ కింద పెట్టినప్పుడల్లా రాయికి రాసుకునేది ఆడనే. గోడలు మాత్రం సగం దాకా గట్టిగ సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు, పైన సగం జాలి. ఎందుకట్ల అంటే కింద బరువు మోసేది గట్టిగ ఉండాలె, పైన దారం ఆదా, బరువు తక్కువ. మెడ కాడ గుంజి కట్టే తాడు ఉంది, బాటిల్ తలకిందులైనా జారది.

అన్నిటికంటే పెద్ద విషయం పట్టీ. క్రోషే పట్టీలకు ఉండే పెద్ద జబ్బు సాగుడు. భుజానికి వేసుకున్నప్పుడు నడుము కాడ ఉన్న బాటిల్ గంట నడిసే సరికి మోకాలు కాడికి వస్తది. నేను ఇంతకుముందు ఆన్‌లైన్ల ఒక కాడ కొన్న దానికి సరిగ్గ ఇదే అయింది, పొడుగు కుట్లతోటి అల్లిన పట్టీ, అక్రిలిక్ దారం, లీటరు నీళ్లంటే కిలో బరువు కదా, పాపం ఎట్ల ఆపుతది. ఈ అక్క పట్టీని అడ్డంగ కాదు, పొడుగ్గ అల్లుతది, అంటే ముందుగాలనే మొత్తం పొడుగు చైన్ (గొలుసు కుట్టు) వేసి దాని మీద వరసలు, మళ్ల రెండు అంచులకు స్లిప్ స్టిచ్ (ఎత్తు లేని బిగువు కుట్టు) వేస్తది. అట్ల చేస్తే సాగుడు మస్తు తగ్గుతది. ఇంక కావాలంటే లోపల కాటన్ నాడా పెట్టి కుడ్తది, దానికి 40 రూపాయలు ఎక్స్‌ట్రా, నేను పెట్టించుకున్న, మీరు గూడ పెట్టించుకోండి.

దీన్ని నేను సలేశ్వరం జాతరకు తీస్కపోయిన. పోయినోళ్లకు తెల్సు, నల్లమల అడవిల చైత్ర పున్నమి టైంల కొన్ని రోజులే తోవ ఇడుస్తరు, వాహనాలు ఆగిన కాడికెల్లి కొండ దిగుడు ఎక్కుడు, రాళ్లల్ల సన్నటి తోవ, ఒక దిక్కు లోయ. "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అనుకుంట దిగుతరు, "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అనుకుంట ఎక్కుతరు. ఆ తోవల రెండు చేతులు ఖాళీగ ఉండాలె, ఒక చేతిల కట్టె, ఒక చేయి రాయి పట్టుకోవడానికి. బాటిల్‌ని అడ్డంగ భుజానికి వేసి వెనక్కి తిప్పుకున్న, ఒక్కసారి గూడ ముందుకు జారి అడ్డం రాలే. మా ఆయన దగ్గర మామూలు ప్లాస్టిక్ బాటిల్ ఉండె, చేతులు మార్చుకుంట నడిసి చివరికి అది గూడ నా సంచిలనే దోపిండు, పైన జాలి కదా, సాగి పట్టింది. ఇంకొకటి, గుండం కాడ సంచిని నీళ్లల్ల ముంచి వేసుకున్నం, మామూలు ఒంటి పొర స్టీలు బాటిల్ మీద తడి కాటన్ ఉంటే నీరు ఆవిరైతుంటే లోపలి నీళ్లు చల్లగైతయి. పొలం కాడ మనోళ్లు బాటిల్‌కు తడి గుడ్డ చుట్టేది ఎందుకో గదే సంగతి. థర్మాస్ రకం రెండు పొరల బాటిల్‌కు ఇది పని చెయ్యది, దానికి మోసే సంచి లెక్కనే పనికొస్తది.

ధర 380 రూపాయలు, నాడాతోటి 420. ఎక్కువనా అంటే, ఒక సంచికి కనీసం నాలుగైదు గంటల చేతి పని, దాంట్ల దారం ఖర్చు తీసేయండి, గంటకు ఎంత పడ్తదో మీరే లెక్కేసుకోండి. నా ముందరనే ఒకామె వచ్చి బజార్ల 150కే ఇస్తున్నరు అన్నది. బజార్ల ఆ ధరకు వచ్చేది మెషిన్ మీద అల్లిన జాలి బట్ట కుట్టింది, చూడ్డానికి ఇట్లనే ఉంటది. అసలు క్రోషే చేతితోటి తప్ప మెషిన్ మీద దిగది, ఒక్కో కుట్టును సూది కొక్కేనికి తగిలించి గుంజాల్సిందే. బేరం ఆడొద్దని కాదు, రెండు మూడు తీస్కుంటే ఆమెనే తగ్గిస్తది, కానీ 150 అంటే ఆ అక్క చేతి కష్టానికి విలువ కట్టనట్టే, నాకు అక్కడ నిలబడి వినబుద్ధి కాలే.

జాలి సంచి రెండోది. 450 రూపాయలు. ఖాళీగ ఉంటే గుప్పిట్ల పడ్తది, నింపితే పెద్ద గుమ్మడికాయ పట్టేంత సాగుతది. దీని పనితనం నీళ్ల కాడ తెలుస్తది. సాగర్ పోయినప్పుడు, సోమశిల కాడ కృష్ణల పిల్లలు తానం చేసినప్పుడు తడి బట్టలన్నీ దీంట్లనే వేసినం, నీళ్లు కారిపోతయి, ఇసుక రాలిపోతది, గాలి ఆడుతది కాబట్టి ముక్క వాసన రాదు. ప్లాస్టిక్ కవర్ల పెట్టిన తడి బట్టలు ఇంటికొచ్చి ఇప్పితే ఎట్లుంటయో తల్లులకు చెప్పనక్కర్లేదు. దీనికి మాత్రం కాటన్ వద్దని అక్కనే చెప్పి పాలిస్టర్ తాడుతోటి అల్లింది, నేను కాటన్ అడిగిన, "నీళ్లకు పోయేదానికి నీళ్లు తాగే దారం ఎందుకు చెల్లే" అన్నది. అడుగు మాత్రం అరచేయంత గుండ్రం గట్టి కుట్టు, లేకపోతే సబ్బు పెట్టె, దువ్వెన బయటికొస్తయి.

దీంట్ల పెట్టగూడనివి: తాళంచెవులు, చిల్లర, మొబైల్, మందులు. రంధ్రాలల్లకెల్లి జారిపోతయి. ఇంకొకటి ఎవ్వరు చెప్పరు, పల్లేరు కాయలు. మన దిక్కు బీడు భూములల్ల, గుట్టల కింద సంచి పెట్టిన్రంటే పల్లేరు కాయలు, గడ్డి ముళ్లు మొత్తం అంటుకుంటయి, ఒక్కొక్కటి ఏరుడు నరకం. తుమ్మ కొమ్మకు తగిలితే దారం ఊడి బయటికొస్తది. అట్లొస్తే కత్తిరియ్యొద్దు! పక్క కుట్లను అటు ఇటు గుంజి ఆ దారాన్ని లోపలికి సర్దుకోవాలె, సర్దుకుంటది. చేతితో అల్లే స్వెట్టర్ రకం అల్లికల ఒక కుట్టు పోతే కిందిదాక నిచ్చెన లెక్క ఊడుతది, క్రోషేల అట్ల కాదు, ప్రతి కుట్టు దానికదే ముడి పడి ఉంటది. కానీ కత్తిరిస్తే మాత్రం ఆ కాడికెల్లి ఊడుడు మొదలైతది.

కోతుల సంగతి గూడ చెప్పాలె. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటినంక, ఉమామహేశ్వరం మెట్ల కాడ ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే చాలు, కోతులు గుంజుకపోతయి. గుడ్డ సంచి చప్పుడు చెయ్యది. కానీ జాలి సంచిల అరటిపండ్లు కనబడ్తయి కదా, అది గూడ ప్రమాదమే, తినేటివి మూత ఉన్న డబ్బాల పెట్టి గట్టి అల్లిక సంచిలనే పెట్టండి. అడవిలకు పోయేటప్పుడు ప్లాస్టిక్ కవర్లు అసలే తీస్కపోవద్దు, అది పులుల అడవి, మనం పారేసిన కవరు అక్కడి జింక కడుపులకు పోతది. 120 మైక్రాన్ల కంటే పల్చటి కవర్లు దేశమంత బంద్ పెట్టింది 2022 చివరలనే, అయినా జాతరల కాడ నేల మీద అవ్వే కనబడ్తయి, చూస్తే బాధ అనిపిస్తది.

టోపీ కాడికి వస్త. మన ఎండలు మీకు చెప్పేదేముంది, ఏప్రిల్ మే నెలలల్ల నల్లగొండల 44 డిగ్రీలు దాటుడు కొత్త కాదు. పానగల్లు ఛాయా సోమేశ్వర గుడికి పొద్దుగాల పోయి గర్భగుడిల కదలకుండ నిలబడే ఆ నీడ చూసి మురిసి, బయటికొచ్చి ఉదయ సముద్రం కట్ట మీద నడుస్తుంటే నెత్తి మాడుతది. చున్నీ కప్పుకుంటే గాలికి ఎగిరిపోతది. అందుకే టోపీ చెప్పిన, 550 రూపాయలు. దారం కాటన్, సూది 3 మిల్లీమీటర్లది, అంటే కుట్లు బాగ దగ్గర దగ్గరగ పడ్తయి. ఇది ముఖ్యం, పెద్ద సూదితోటి వదులుగ అల్లిన టోపీలు ఫోటోలకు మంచిగుంటయి, మొఖం మీద చుక్కలు చుక్కలు ఎండ పడ్తనే ఉంటది. టోపీని వెలుగుకు అడ్డం పెట్టి చూడండి, ఎన్ని రంధ్రాలల్ల వెలుగు కనబడ్తదో అంత ఎండ పడ్తదన్నట్టు.

నెత్తి భాగం మస్తు మంచిగ కుదిరింది, చెమట పీలుస్తది, గాలి ఆడుతది, రెక్సిన్ టోపీ లెక్క ఉడకది. కానీ అంచు. మూడు వేళ్ల వెడల్పు దాక బానే నిలబడ్తది, అంతకు మించి పెంచితే కండ్ల మీదికి వాలిపోతది. నేను ఐదు వేళ్ల వెడల్పు అడిగిన, మెడ వెనక గూడ నీడ కావాలని. మొదటిసారి ఇచ్చింది వాలింది, చెమటకు తడిసినంక ఇంకా వాలింది. తీస్కపోయి చూపిస్తే ఒక్క మాట అనకుండ తీస్కొని చివరి వరస ఇప్పి, సన్నటి తుప్పు పట్టని తీగ అంచు పొడుగునా పెట్టి దాని మీదనే మళ్ల అల్లి ఇచ్చింది, పైసలు తీస్కోలే. ఇప్పుడు అంచు ఎట్ల వంచితే అట్ల ఉంటది, మడిచి బ్యాగుల పెట్టి మళ్ల సాపు చేసుకోవచ్చు. తీగ చివరలు మాత్రం లోపలికి మడిచి దారం చుట్టిందా లేదా అని చెయ్యి పెట్టి చూడండి, పిల్లల టోపీ అయితే తీగ వద్దు, దానికి చేపల గాలం వేసే మందం నైలాన్ దారం పెట్టమనండి. ఇంకా బండి మీద పోయేటోళ్లు గదవ కింద కట్టే తాడు పెట్టించుకోండి, సాగర్ డ్యామ్ దిగువన వంతెన మీద గాలి ఎట్ల కొడ్తదో పోయినోళ్లకు తెల్సు, 26 గేట్లు చూసుకుంట నిలబడితే టోపీ కృష్ణమ్మకే.

ఇంకో మాట, ఎవరో కాగితం దారంతోటి అల్లిన టోపీలు అమ్ముతున్నరు, గడ్డి టోపీ లెక్క గట్టిగ మంచిగుంటయి, రఫియా అంటరు. అక్కను అడిగితే అది వానకు తడిస్తే పాడైతదని అల్లనన్నది. ఎండకాలం సాయంత్రాలు గాలి దుమారం వచ్చి ఒక్కసారిగ వాన కొట్టే మన ఊర్లకు అది పనికిరాదు.

కూసునే చాప. ఇది పాత చీరలతోటి అల్లుతది, మన చీరలు మనమే ఇయ్యొచ్చు. మా అమ్మ నారాయణపేట కాటన్ చీరలు అంచులు చిరిగినయి ఉండె, అవ్వి ఇచ్చిన. ఐదున్నర మీటర్ల చీరను అంగుళం వెడల్పు పట్టీలుగ చించి కలిపితే దగ్గర దగ్గర 240 మీటర్ల దారం వస్తదంటే నమ్మలే, లెక్కేస్తే నిజమే. మందం కొక్కెం సూదితోటి అల్లింది, రంగులు కలిసిపోయి చాల అందంగ వచ్చింది, అమ్మ చూసి చేత్తోటి తడుముకుంట కూసున్నది. బండ మీద పరుచుకొని కూసుంటే మెత్తగ ఉంటది, చల్లగ ఉంటది. కానీ బరువు! నలుగురు కూసునే చాప చుట్ట చుట్టి చంకల పెట్టుకొని నల్లమలల మల్లెల తీర్థం జలపాతం కాడ 350 దాక మెట్లు దిగి ఎక్కాలంటే నా వల్ల కాదు, తడిస్తే ఇంకా రెట్టింపు, రెండు రోజులు ఎండినా లోపల తడి ఉంటది. కారు డిక్కీల పడేసి ఏ చెట్టు కిందనో, చెరువు కట్ట మీదనో పరుచుకొని సద్ది ఇప్పుకొని తినేటోళ్లకు అయితే దీన్ని మించింది లేదు. నడిసేటోళ్లు ఒక్కరు కూసునే చిన్న చదరం ముక్క అడగండి, 200 అంటది, అది బ్యాగుల పడ్తది.

టిఫిన్ డబ్బా సంచి బాగుంది, రెండు పొరలుగ వచ్చే ఒక కుట్టు ఉంది, థర్మల్ స్టిచ్ అంటరు, దానితోటి మందంగ అల్లింది, కాటన్ కాబట్టి వేడి వేడి పులిహోర డబ్బా పెట్టినా భయం లేదు. చెప్పుల సంచి అలంపురం గుళ్ల కాడ పనికొచ్చింది, జోగులాంబ గుడి, నవబ్రహ్మ గుళ్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటే చెప్పులు వెంట ఉంటే నయం. మొబైల్ పౌచ్ మాత్రం లోపల అస్తరు కుట్టియ్యకుండ తీస్కోవద్దు, దుమ్ము నేరుగ లోపలికి పోతది. అక్క అస్తరు కుట్టది, బయట టైలర్‌తోటి మీరే కుట్టించుకోవాలె.

ఇప్పుడు బాలేనివి. చెప్పిన టైంకు అందది, వారం అంటే రెండు వారాలు వేసుకోండి. ఫోన్ తియ్యది, పొద్దంత ఇంటి పని, మాపటీలి అల్లిక, మెసేజ్‌కు తెల్లారి జవాబు వస్తది. చెక్క గుండీలు వాడుతది, చూడ సక్కగుంటయి కానీ ఒకటి రాయికి తగిలి పగిలింది, కొబ్బరి చిప్ప గుండీలు గట్టివి, అవ్వి పెట్టమని చెప్పండి. రంగులు గూడ తక్కువ, నల్లగొండల దొరికే దారమే వాడుతది, హైదరాబాద్ బేగంబజార్‌కెల్లి తెప్పిస్తే ఇంకా మంచి కాటన్ వస్తది గాని దానికి ముందే పైసలియ్యాలె. ముదురు ఎరుపు, ముదురు నీలం మొదటి రెండు మూడు ఉతుకులు విడిగ ఉతకండి, మా పిల్లగాని తెల్ల బనీను గులాబీ అయింది.

ఉతుకుడు ఎట్లంటే చల్లటి నీళ్లల్ల చేత్తోటే, పిండొద్దు, తువ్వాలల చుట్టి అదిమి నీళ్లు తీసి నేల మీద పరిచి ఆరబెట్టాలె. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సంచి పొడుగైతది, మళ్ల మొదటి సైజుకు రాదు. ఎర్ర ఎండల వేస్తే రంగు పాలిపోతది, నీడకే.

నేర్చుకోవాలనుకునేటోళ్లకు ఆదివారం మధ్యాహ్నం నేర్పుతది, ఫీజు నామమాత్రమే, దారం సూది మనమే తెచ్చుకోవాలె. మొదటి పని బాటిల్ సంచే చేయిస్తది, ఎందుకంటే దాంట్ల చైన్, సింగిల్ క్రోషే, పెంచుడు, జాలి, పట్టీ అన్నీ వస్తయి. మా వదిన కూతురు ఇంటర్ చదువుతది, పోయి నేర్చుకుంటున్నది. ఆ పిల్లకు వచ్చిన తికమక అందరికీ వస్తది కాబట్టి చెప్తున్న: యూట్యూబ్ల అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టునే ఇంగ్లండ్ వాళ్లు డబుల్ క్రోషే అంటరు. వీడియో ఎవ్వరిదో చూడకుండ అల్లితే సంచి పొడుగు, గట్టితనం రెండూ మారిపోతయి. అక్క అమెరికా లెక్కనే నేర్పుతది. మొదటిసారి కొనేటోళ్లు 4 మిల్లీమీటర్ల అల్యూమినియం సూది, లేత రంగు కాటన్ దారం తీస్కోండి, నల్ల దారం మీద కుట్లు కనబడవు, విసుగొచ్చి ఇడిచిపెడ్తరు.

ఆర్డర్ ఇచ్చేటోళ్లు మీ బాటిల్, మీ డబ్బా వెంటనే తీస్కపోండి, కొలత ఫోన్ల చెప్తే ఒప్పుకోదు, చేత్తోటి పట్టుకొని చూసినంకనే సూది ముట్టుతది. సలేశ్వరం పోయేటోళ్లు ఉగాదికి నెల ముందే చెప్పుకోండి, ఉగాది అయినంక పదిహేను రోజులకే పున్నమి, ఆ టైంల ఆమె ఇంట్ల బాటిల్ సంచుల ఆర్డర్లు కుప్ప ఉంటయి. నేను ఇప్పుడు మా అత్తమ్మకు చిన్న బాటిల్‌ది ఒకటి చెప్పిన, అర లీటరుది, పట్టీ పొట్టిగ, నాడా పెట్టి, కొబ్బరి చిప్ప గుండీతోటి.